జాజ్ పియానో వినడానికి వెళ్తే ఎడమ పక్క సీటు తీసుకోండి

జోయీ అలెగ్జాండర్ లాంటి కుర్ర పియానిస్టు కచేరీకి టికెట్ కొంటున్నారా? ముందు వరుస కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. వేదికకు ఎదురుగా కూర్చుంటే మీ ఎడమ చేతి వైపు వచ్చే సీటు చూసుకోండి. గ్రాండ్ పియానో మూత ప్రేక్షకుల వైపు తెరుచుకోవాలి కాబట్టి వాయించేవాళ్లు మామూలుగా ఆ పక్కనే కూర్చుంటారు. అటు నుంచైతేనే వేళ్లు కనిపిస్తాయి. 2003లో బాలిలో పుట్టి, 12 ఏళ్లకే గ్రామీ నామినేషన్లు అందుకున్న పిల్లాడి వేళ్లు అవి, చూడకుండా ఎలా వచ్చేస్తాం!

ఇంకోటి. మొదట వాయించిన వరసను గుర్తుపెట్టుకోండి. తర్వాత అతను అప్పటికప్పుడు అల్లుకుంటూ ఎటెటో వెళ్లిపోతున్నప్పుడు దాన్నే మనసులో పాడుకుంటూ ఉండండి. ఎంత దూరం పోయినా వెనకాల కార్డ్స్ (chords, ఒకేసారి కలిపి వాయించే స్వరాలు) చాలాసార్లు అదే క్రమంలో తిరుగుతుంటాయి. మన కచేరీలో కల్పనస్వరాలు మళ్లీ ఎత్తుగడ దగ్గరకొచ్చి పడతాయే, కొంచెం అలాంటిదే. ఆ తిరుగుడు ఒక్కసారి దొరికిందా, డ్రమ్మర్‌తో అతను ఆడే ఆటంతా తెలిసిపోతుంది, ఒళ్లు పులకరిస్తుంది.

సోలో, అంటే ఒకరు ముందుండి వాయించే భాగం, అవగానే పాట మధ్యలోనైనా చప్పట్లు కొట్టొచ్చు, జాజ్‌లో అది మర్యాదే. బేస్ (లోతైన స్వరాల పెద్ద తీగవాద్యం) సోలోలో మాత్రం గుసగుసలు కూడా వద్దు, అది చాలా మెత్తగా వినిపిస్తుంది.