వేరు చూశాకే తట్టలోకి: కోనసీమలో పుట్టగొడుగులు ఏరుకునే పద్ధతి

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏరేవి రెండే రకాలు. ఒకటి చెదపుట్టల దగ్గర లేచేవి, రెండోది పాత గడ్డిమేటు మీద పుట్టేవి. మిగతావి ఎంత ముద్దొచ్చినా వదిలేస్తాను. మాది పి.గన్నవరం పక్కన లంక ఊరు. ఈ పని మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. సెలవులకొచ్చే మా అన్నయ్య పిల్లలు "అత్తా, మేమూ వస్తాం" అని వెంటపడతారు. వాళ్ళకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

ఈ పని మీకు కొత్తయితే మొదటి ఏడాది తెలిసినవాళ్ళ వెనకాల తిరగండి. ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌ని నమ్ముకుని దిగొద్దు. ఫోటోలో వేరు కనపడదు, అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఆరుద్ర కార్తె నుంచి ఆశ్లేష దాకా, అంటే జూన్ చివరి వారం నుంచి ఆగస్టు సగం వరకు మా వైపు వీటి కాలం. గట్టి వాన పడి, తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్ళంతా చెమటలు పట్టే ఉక్కపోత ఉంటే మర్నాడు తెల్లారుజామున బయల్దేరాలి. ఎండెక్కాక వెళ్తే గొడుగులు పూర్తిగా విచ్చుకుని పురుగు పట్టేసి ఉంటాయి.

వరిచేలో వెతకడం దండగ. నీళ్ళు నిలిచే నేలలో చెద గూడు పెట్టదు. మెరక చూసుకోండి: కొబ్బరి తోటల్లో గట్లు, మామిడి చెట్ల మొదళ్ళు, పాత కాలవ గట్లు, ఊరి దిబ్బలు. పైకి పుట్ట కనపడి తీరాలనేం లేదు, గూడు నేల లోపలే ఉండొచ్చు. దానికి మా అత్తగారు చెప్పిన ఉపాయం ఒకటుంది. తొలకరికి ఉసిళ్ళు ఎక్కడ నేలలోంచి లేస్తున్నాయో చూసి గుర్తు పెట్టుకోవాలి. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే కదా, అవి లేచాయంటే కింద బతికున్న గూడు ఉన్నట్టే. కొన్నాళ్ళకి ఆ చుట్టుపక్కలే పుట్టగొడుగులు పైకొచ్చే అవకాశం ఎక్కువ. ఒకసారి లేచిన చోట ఏటేటా లేస్తాయి కాబట్టి తెలిసినవాళ్ళు ఆ చోటు ఎవరికీ చెప్పరు. నేనూ చెప్పను.

చెదలు ఎండుటాకులు, పుల్లలు కొరికి గూట్లోకి మోసుకెళ్ళి, తేనెతుట్టె లాంటి కట్టడం ఒకటి కడతాయి. దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచి, దాన్నే తింటాయి. వానలకి ఆ శిలీంధ్రమే నేలని చీల్చుకుని గొడుగుగా పైకొస్తుంది. దీన్ని టెర్మిటోమైసిస్ అంటారు. చెదలు లేకుండా దీన్ని షెడ్లలో పండించడం ఎవరికీ కుదరడం లేదు. అందుకే సూపర్ మార్కెట్ డబ్బాల్లో బటన్ మష్రూమ్ దొరుకుతుంది గానీ ఇది దొరకదు.

గూడు లోపలుంటుంది, గొడుగు బయటుంటుంది. ఈ రెంటినీ కలుపుతూ కాడ కింద వేరులా పొడుగ్గా సాగిన భాగం ఒకటి ఉంటుంది. మొదటి గుర్తు ఇదే. గుంపు కనపడగానే అన్నీ పీకేయకండి. ఒకదాని పక్కన సన్నటి పుల్లతోనో చాకుతోనో మట్టి నెమ్మదిగా తప్పించి కిందికి చూడండి. కాడ సన్నబడుతూ లోతుకి పోవాలి. జానెడు లోతు తవ్వినా కొస అందకుండా తెగిపోవచ్చు, ఫర్వాలేదు. కాడ అడుగున సంచిలాంటి పొరగానీ గుండ్రటి గడ్డలాంటి ఉబ్బుగానీ కనపడిందా, మొత్తం గుంపుని వదిలేసి లేవండి. "వేరు చూడకుండా తట్టలో వెయ్యకమ్మాయ్" అని మా అత్తగారు ఇప్పటికీ ప్రతిసారీ అంటారు.

రెండో గుర్తు గొడుగు నడినెత్తిన మొనదేలిన బొడిపె. మట్టిని పొడుచుకుని రావాలి కాబట్టి అక్కడ గట్టిగా ఉంటుంది. మూడోది రంగు. అడుగున రేకులు మొదట తెల్లగా ఉండి ముదిరేకొద్దీ లేత గులాబీకి తిరుగుతాయి. ఖాయం చేసుకోవడానికి విచ్చుకున్న గొడుగు ఒకటి కాడ తీసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద రేకులు కిందికి ఉండేలా పెట్టి గిన్నె బోర్లించండి. కొన్ని గంటలకి పొడి రాలి అచ్చు పడుతుంది. గులాబీ రంగు అచ్చు పడాలి. తెలుపో ఆకుపచ్చో పడితే పారేయడమే. ఈ మూడు గుర్తులూ కలవాలి, రెండు కలిశాయి కదా అని సర్దుకోవద్దు.

ఆకుపచ్చ అచ్చు సంగతి వినండి. బడి ఆవరణల్లో, పచ్చిక మీద, తోటల్లో పళ్ళెమంత వెడల్పున తెల్లటి గొడుగులు లేస్తాయి, పైన గోధుమరంగు పొలుసులు, కాడకి ఉంగరం. చూడటానికి ఎంత బాగుంటాయో! లేతప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరితేనే పచ్చబడతాయి. తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు. దాన్నయినా తట్టుకోవచ్చు గానీ అసలు భయపడాల్సింది అమానిటా జాతిలోని విషపు రకాలకి. తెల్లటి రేకులు, కాడకి ఉంగరం, అడుగున సంచి. చెట్ల వేళ్ళతో పొత్తు పెట్టుకుని పెరిగే జాతి అది. సముద్రం వైపు సరుగుడు తోటల్లో నేల మీద తెల్లగా ఏం కనపడినా నేను ఆగను కూడా ఆగను.

విషముంటే వెండి ఉంగరం నల్లబడుతుంది, పసుపు వేస్తే రంగు మారుతుంది, చీమలు ముట్టినవి మంచివే అని ఊళ్ళో పెద్దలు చెప్తారు. వీటిలో ఒక్కటీ పనికిరాదు. మనిషిని చంపే పుట్టగొడుగుని నత్తలూ పురుగులూ హాయిగా తింటాయి. బాగా ఉడికిస్తే విషం పోతుందన్నది కూడా అబద్ధం, అమానిటా విషం ఉడికించినా పోదు.

ఇక గడ్డిమేటు రకం. నానిన వరిగడ్డి మీద, బూడిదరంగు గుడ్డులా మొదలై, పొర చీల్చుకుని విచ్చుకుంటుంది. చిక్కేమిటంటే దీనికీ అడుగున సంచి ఉంటుంది. అందుకే గుడ్డు దశలో నేను కొయ్యను, విచ్చుకునేదాకా ఆగుతాను. ఉంగరం ఉండకూడదు, రేకులు గులాబీ రంగుకి రావాలి, గడ్డిలోంచే పుట్టాలి. గడ్డిమేటు పక్కన మట్టిలోంచి వచ్చింది దీనికి చుట్టం కాదు. పెంటకుప్ప మీద వచ్చేవి ఎవరిచ్చినా తీసుకోవద్దు.

కోసేటప్పుడు పుట్టని తవ్వి పాడుచేయకండి, వచ్చే ఏడాదికి ఏమీ మిగలదు. ఒకదాని వేరు చూశాక మిగతావి నేల మట్టానికి కోసుకుంటే చాలు. నాగుల చవితికి పాలు పోసే పుట్ట జోలికి మా ఊళ్ళో ఎవరూ వెళ్ళరు. భక్తి సంగతి సరే, పుట్టలో పాముండటం మామూలే. కర్రతో ముందు చుట్టూ తట్టి, బూట్లు వేసుకుని, టార్చి చేతిలో ఉంటేనే వంగండి. కన్నాల్లో చెయ్యి పెట్టొద్దు. మందు కొట్టిన తోటల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద, 216 హైవే అంచున వద్దు, చుట్టూ ఉన్న విషాల్ని పుట్టగొడుగు తనలోకి లాక్కుంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లోకి దిగడం మానేయండి. వరద తీశాక బురదలో లేచినవీ వద్దు. తోట ఎవరిదైతే వాళ్ళకి చెప్పి కోసుకోండి, ఇంటికెళ్ళేటప్పుడు దోసెడు ఇచ్చిపోతే మళ్ళీ రానిస్తారు.

తట్టలో అరిటాకు పరిచి వేసుకోండి. ప్లాస్టిక్ కవరులో అయితే చెమ్మగిల్లి దారిలోనే పాడవుతాయి. ఇంట్లో మట్టి గీకి, కాడ నిలువునా చీల్చి పురుగు చూసి, రెండు మూడు నీళ్ళు కడిగి, ఏ పూటవి ఆ పూటే వండాలి. మా ఇంట్లో ఇగురే చేస్తాం: ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి వేగాక ముక్కలు వేసి, వాటి నీళ్ళు వాటికే ఇగిరిపోయేదాకా ఉంచి, దించే ముందు చిక్కటి కొబ్బరిపాలు. మసాలా దట్టిస్తే ఆ రుచి పోతుంది. పచ్చిగా మాత్రం తినొద్దు. మొదటిసారి తినేవాళ్ళకి రెండు ముక్కలు చాలు, చిన్నపిల్లలకీ గర్భిణులకీ అసలే పెట్టొద్దు. వండకముందు ఒక పుట్టగొడుగుని వేరుతో సహా కాగితంలో చుట్టి రెండ్రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి.

అది ఎందుకంటే, ఎవరికైనా తేడా చేస్తే డాక్టరుకి చూపించడానికి. తిన్న ఆరు గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి వాంతులు మొదలైతే అది ఎక్కువ ప్రమాదం. రెండో రోజు తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మజ్జిగ తాగించి, చింతపండు నీళ్ళు తాగించి కూర్చోకండి. 108కి ఫోన్ చేసి కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఫ్రిజ్‌లోది, మిగిలిన కూర పట్టుకెళ్ళి, ఎన్ని గంటలకి తిన్నారో చెప్పండి. ఆ కూర తిన్న మిగతావాళ్ళు బాగానే ఉన్నా వాళ్ళనీ వెంట తీసుకెళ్ళండి.