రాత్రిపూట నెట్ బాక్సు కట్టేయాలా, వదిలేయాలా?

నెట్ బాక్సంటే ఇంట్లో వైఫై ఇచ్చే రౌటరు. దాన్ని మామూలు రాత్రుల్లో కట్టక్కర్లేదండి. ఉరుముల రాత్రి అయితే స్విచ్చి కట్టడం చాలదు, ప్లగ్గే పీకాలి. మా అమ్మ దీనికి సరిగ్గా తిరగేసి చేస్తుంది: రోజూ పడుకునే ముందు గ్యాసుతో పాటు నెట్ బాక్సు కూడా కట్టేస్తుంది, పిడుగులు పడుతున్న రాత్రి మాత్రం సీరియల్ సగంలో ఉంది కదా అని వదిలేస్తుంది.

ముందు కరెంటు లెక్క తేల్చేద్దాం. బాక్సు అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది ఇవ్వగలిగింది మహా అయితే 12 వాట్లు. 10 వాట్లు లాగుతోందనుకుంటే ఎనిమిది గంటలకి 80 వాట్ అవర్లు, నెలంతా కలిపి రెండున్నర యూనిట్లు కూడా దాటదు. పాతకాలపు సీలింగ్ ఫ్యాను ఖాళీ గదిలో గంటసేపు ఊరికే తిరిగితే దాదాపు బాక్సు ఒక రాత్రికి లాగినంత కరెంటూ కాలిపోతుంది, కాబట్టి పొదుపే ముఖ్యమైతే ముందు ఆ ఫ్యాను కట్టండి.

రోజూ కట్టి వేస్తే బాక్సు పాడవుతుందన్న భయం కూడా పెద్దగా అక్కర్లేదు. పాత ఫోను తీగల మీద నెట్ వచ్చిన రోజుల్లో లైను మాటిమాటికీ తెగుతుంటే అవతలి మిషను దాన్ని బలహీనమైన లైను అనుకుని స్పీడు తగ్గించేది, బాక్సు కట్టొద్దన్న సలహా అప్పటిది. ఫైబర్‌లో ఆ బాధ లేదు, ఆన్ చేసిన రెండు మూడు నిమిషాల్లో నెట్ వచ్చేస్తుంది. కొన్ని బాక్సులు అర్ధరాత్రి అప్‌డేట్ వేసుకుంటాయి, అది మధ్యలో ఆగకుండా ఉంటే మంచిది, అంతే.

అసలు చూసుకోవాల్సింది రాత్రిపూట మీకు ఎవరు ఫోన్ చేస్తారన్నది. కోనసీమలో మనిషి గల్ఫ్‌లో లేని వీధి తక్కువ. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ డ్యూటీ దిగి అన్నం తిని ఫోన్ పట్టుకునేసరికి ఇక్కడ పదకొండు దాటుతుంది. అమెరికాలో పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు. కొబ్బరితోట మధ్యలో ఇల్లు, సెల్ సిగ్నల్ ఒక్క గీత, మామూలు కాల్ కూడా వైఫై మీదే వస్తున్న ఇంట్లో బాక్సు కట్టేశారంటే ఆ రాత్రికి మీ ఫోను మూగదే. బాక్సుకి తగిలించిన ల్యాండ్‌లైను ఉంటే అదీ పోతుంది. చెరువు గట్టు మీది కెమెరాని ఫోన్‌లో చూసుకునే రొయ్యల రైతుకైతే బాక్సు ఆపే ప్రశ్నే లేదు.

పిల్లలు రాత్రంతా ఫోన్ చూస్తున్నారని కట్టేవాళ్లు, బాక్సు అడుగున రాసున్న అడ్రసుతో సెట్టింగ్స్‌లోకి వెళ్లి వైఫై టైము పెట్టుకునే వీలుందేమో చూడండి. సెల్ డేటా ఉన్నంతకాలం దాంతో ఎంత పని అవుతుందో మీకే తెలియాలి.

ఇక పిడుగుల సంగతి. వైశాఖంలో సాయంత్రం పూట ఉక్కపోత పోసి పడమర నల్లబడిందంటే అప్పుడే లేవండి, ఉరుములు నెత్తి మీదికొచ్చాక కాదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, అప్పటికి ఏ వైరూ ముట్టుకోకుండా దూరంగా కూర్చోవడమే మేలు.

స్విచ్చి ఎందుకు చాలదంటే, అది కోసేది మామూలుగా ఫేజు తీగ ఒక్కటే, రెండోదైన న్యూట్రల్ తీగ బాక్సుకి తగిలే ఉంటుంది, పిడుగు దెబ్బ దాని మీదుగానూ రావచ్చు. అందుకే అడాప్టర్‌ని సాకెట్ నుంచి బయటికి లాగండి. తర్వాత రాగి తీగలు: టీవీ కేబులు, బాక్సు నుంచి బయటి కెమెరాకి వెళ్లే లాన్ వైరు. మా ఇంట్లో రెండేళ్ల క్రితం పోయింది సరిగ్గా ఇలాగే. అడాప్టర్ పీకాం, తోటలోని కెమెరా వైరు మర్చిపోయాం, పొద్దున చూస్తే బాక్సూ లేదు, కెమెరా రికార్డరూ లేదు. మా తాతగారు రేడియో ఏరియల్ తీగ పీకి కిటికీ బయట పడేసేవారు, అప్పుడు నవ్వుకున్నాం.

సన్నటి ఫైబర్ తీగని మాత్రం కదపకండి. అది గాజు, కరెంటు పారదు, పైగా వంగితే విరుగుతుంది, కొనకి దుమ్ము అంటితే వెలుతురు తగ్గుతుంది. కాకపోతే స్తంభం నుంచి వచ్చే కేబుల్లో పక్కన ఉక్కు తీగ ఉంటే దాన్ని ఇంటి బయటే ఆపమని నెట్ కుర్రాడికి చెప్పండి.

చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. కరెంటు పోయి వస్తే ఇంకాస్త ఆగాలి, రాగానే లైట్లు ఎక్కువా తక్కువా అవుతుంటాయి కదా, అవి నిలకడగా వెలిగాకే ప్లగ్ పెట్టండి. ఐదు నిమిషాలైనా బాక్సు మీద LOS (సిగ్నల్ అందట్లేదని) అని రాసున్న ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూనే ఉంటే లోపం మీ ఇంట్లోది కాకపోవచ్చు, దారిలో ఎక్కడో కొబ్బరి మట్ట పడి తీగ తెగి ఉంటుంది. బాక్సుని పదిసార్లు కట్టి వేయకుండా నెట్ కుర్రాడికి ఫోన్ చేయండి.