గ్యాస్ స్టవ్ విడిభాగాలు కొనే ముందు జాగ్రత్తలు

- మోడల్ నంబరు చివరి అక్షరం దాకా రాసుకోండి. అది ముద్రించిన రేకు స్టవ్ అడుగునో, ఓవెన్ తలుపు చట్రం మీదో ఉంటుంది.

- జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే, సన్న రంధ్రమున్న చిన్న ముక్క) విషయంలో అస్సలు రాజీ పడొద్దు. ఎల్‌పీజీ జెట్ రంధ్రం సన్నం, పైపుల్లో వచ్చే సహజవాయువుది పెద్దది. చాలా జెట్ల మీద ఆ కొలత చెక్కి ఉంటుంది: 70 అంటే 0.70 మిల్లీమీటర్లు. సహజవాయువు జెట్‌ను ఎల్‌పీజీకి బిగిస్తే మంట ఎగసిపడుతుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ కూడా వెలువడుతుంది. అది వాసన లేని విషం. సూదితో రంధ్రం పెద్దది చేయడమూ అంతే ప్రమాదం.

- నాబ్‌కైతే అది ఎక్కే కాడ ఆకారం, మందం రెండూ చూడండి.

- థర్మోకపుల్‌కు (మంట ఆరిపోతే గ్యాస్ ఆగేలా చేసే భాగం) పొడవు, మర రెండూ కలవాలి. పాతది పారేయకుండా పక్కన పెట్టి పోల్చండి.

- విప్పే ముందు గ్యాస్ కట్టేయండి. బిగించాక నాబ్‌లు కట్టేసే ఉంచి, గ్యాస్ తెరిచి, అతుకులకు సబ్బు నీళ్లు రాయండి. బుడగలొస్తే వెలిగించొద్దు, వెంటనే గ్యాస్ ఆపి మెకానిక్‌ను పిలవండి.