మన ఎంపీ పార్లమెంటులో ఏం చేస్తున్నారు? – 3వ పాఠం: ప్రశ్నను చదవడం

పోయిన పాఠంలో హాజరు చూశాం. మీ ఎంపీ కేంద్రమంత్రి అయితే ఆయన హాజరు పట్టీలో సంతకం పెట్టనక్కర్లేదు, ప్రశ్నలూ అడగరు. మిగతావాళ్లలో దాదాపు అందరి విషయంలో ఈ పాఠం పనికొస్తుంది.

లోక్‌సభలో మామూలుగా ఉదయం 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాల సమయం. రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేనివి జాబితాకు ఎక్కుతాయి. గుర్తున్నవాటికి మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వక జవాబే. ఎవరి ప్రశ్న ముందుండాలో లాటరీ తేలుస్తుంది కాబట్టి, నక్షత్ర ప్రశ్నలు తక్కువున్నాయని ఎంపీని తప్పుపట్టకండి.

ఇప్పుడు పార్లమెంటు వెబ్‌సైటు సంసద్ డాట్ ఇన్ (sansad.in) తెరవండి. లోక్‌సభ విభాగంలో ప్రశ్నల పేజీకి వెళ్లి మీ ఎంపీ పేరుతో వెతకండి. వందల్లో కనబడినా కంగారు పడొద్దు. ఒక్కటి తీయండి చాలు.

రైల్వే గేటు దగ్గర వంతెన గురించి అనుకుందాం. ప్రశ్న (ఎ), (బి), (సి), (డి) ముక్కలుగా ఉంటుంది: ప్రతిపాదన ఉందా, ఉంటే వివరాలేమిటి, ఎంత మంజూరైంది, ఎప్పటికి పూర్తవుతుంది. జవాబులో చాలాసార్లు "(ఎ) నుంచి (డి)" అని నాలిగింటినీ ఒకే పేరాలో కలిపేస్తారు. పెన్సిల్ తీసుకుని ఒక్కో ముక్కకు జవాబు ఎక్కడుందో గీత గీయండి. గీత పడని ముక్కే జవాబు రానిది. చాలాసార్లు అది (డి), అంటే తేదీ. నాకు ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైన పని ఇదే. ఎంపీ ఎన్ని ప్రశ్నలు వేశారన్న లెక్క ఎవరైనా చెప్తారు. జవాబు రాని (డి)ని పట్టుకుని ఆయన మళ్లీ అడిగారా లేదా అన్నది మాత్రం మనం చదివితేనే తెలుస్తుంది.

ప్రశ్న పైన పేర్లు కూడా చూడండి. ఒకేలాంటి ప్రశ్నలు పంపిన సభ్యులను ఒకే నంబరు కింద చేరుస్తారు. అయిదారు పేర్లున్న ప్రశ్నకూ, మీ నియోజకవర్గంలో ఒక ఊరి పేరుతో ఒక్కరే వేసిన ప్రశ్నకూ నా దృష్టిలో ఒకే విలువ లేదు.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అన్న వాక్యం కనబడితే తేదీతో సహా రాసి పెట్టుకోండి. అది ప్రభుత్వ హామీ కిందికి వస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, దాన్ని గమనించడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది.

ఈ వారం పని: మీ జిల్లా పేరున్న మూడు ప్రశ్నలు వెతికి, గీతలు గీసి, మిగిలిన ముక్కలను నోటుబుక్కులో రాయండి. నాలుగో పాఠంలో ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకుని లోక్‌సభ నియమావళిలోని 377వ నిబంధన కింద ఎంపీలు లేవనెత్తే విషయాలు చూద్దాం.