పెరటి కోళ్ల పాఠాలు – 7: కోతలో కనికరం

కత్తికి పదును పెట్టడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠం కోతకు ముందు రాత్రితో మొదలై, కోడి ప్రాణం పోయిందని నిర్ధారించుకోవడంతో ముగుస్తుంది. కోడి పడే బాధలో చాలా భాగం కత్తి తగలకముందే, పట్టుకునేటప్పుడూ మోసేటప్పుడూ కలుగుతుంది కనుక ఆ ముందరి పనులకే ఎక్కువ చోటిస్తున్నాను.

జబ్బు చేసి మూలన ముడుచుకున్న కోడిని కోయకూడదు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే, పొదలకూరు మండలం చాటగొట్లలోనూ కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. కోళ్లు వరుసగా చనిపోతుంటే మిగిలినవాటిని తొందరపడి కోసుకోకుండా పశువైద్యశాలకు కబురు చేయాలి. మందులు వాడి ఉంటే, మందు ఆపాక ఎన్ని రోజులు మాంసం తినకూడదో సీసా మీద రాసిన గడువు దాటేదాకా ఆగాలి.

కోళ్లు గూటికి చేరి బాగా చీకటి పడ్డాక, కోయదలచిన కోడిని రెండు అరచేతులతో రెక్కలు ఒంటికి అదిమిపట్టి మెల్లగా ఎత్తి, విడిగా గంప కింద ఉంచాలి. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి అంతగా బెదరదు. పగటిపూట పెరడంతా తరిమి పట్టడం, కాళ్లు కట్టి సైకిల్ హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీయడం మన సంతల్లో మామూలైపోయింది గాని, అది నిజంగా హింస. బరువంతా కాళ్ల కీళ్ల మీద పడుతుంది. పైగా మనకున్నట్టు ఛాతీకీ పొట్టకీ మధ్య కండరపు తెర పక్షులకు లేదు కనుక, పేగుల బరువు గాలి తిత్తుల మీద పడి ఊపిరి కష్టమవుతుంది. కొలుపుల రోజుల్లో డప్పుల మోతకూ పిల్లల గుంపుకూ దూరంగా ఉంచడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే.

కోతకు ముందు 8 నుంచి 12 గంటలు మేత ఆపాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. కనిగిరి, పొదిలి వైపు వేసవి ఎండలు తెలిసినవే కనుక తెల్లవారుజామునే పని ముగించడం అందరికీ మంచిది.

తల, మెడ మాత్రమే కిందికి వచ్చేలా రేకుతో గరాటు చుట్టి, గోడకు గట్టిగా బిగించుకోండి. ఇందులోనూ కోడి తలకిందులుగానే ఉంటుంది, కాని ఒళ్లంతటికీ ఆనుడు దొరుకుతుంది, రెక్కలు కొట్టుకుని విరగవు, ఉండేది కూడా కొద్ది క్షణాలే. అందుకే కత్తి చేతికి అందేంత దగ్గరలో పెట్టుకున్నాకే కోడిని గరాటులో దించాలి. ఒక కోడి చూస్తుండగా మరొకదాన్ని కోయకండి.

ఎడమచేత్తో తల పట్టుకుని, దవడకు కాస్త కింద ఈకలను పక్కకు తప్పించాలి. ఈకల మీద కత్తి జారుతుంది. మెడకు రెండు వైపులా మెదడుకు నెత్తురు మోసే పెద్ద రక్తనాళాలుంటాయి. ఆ రెండు వైపులవీ ఒక్క లాగులో తెగాలి. ఒక వైపే తెగితే స్పృహ పోవడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ సేపంతా కోడికి నరకమే. హలాల్ పద్ధతిలో కోసేవారు శ్వాసనాళం, ఆహారనాళం తెంచుతూ ఈ రక్తనాళాలనూ తెంచుతారు కాబట్టి, పదును బాగుంటే ఆ పద్ధతిలోనూ ఇదే ఫలితం ఉంటుంది. చేత్తో మెడ విరవడాన్ని కొత్తవారికి నేను చెప్పను, ఎందుకంటే సగం విరిగిన మెడంత ఘోరం మరొకటి లేదు.

నెత్తురు పూర్తిగా కారడానికి రెండు నిమిషాలు వదిలేయండి. స్పృహ పోయాక కూడా కాళ్లూ రెక్కలూ కొట్టుకుంటాయి. అది నరాల కదలిక మాత్రమే, చూసి కంగారుపడి మళ్లీ కోయవద్దు. ఊపిరి ఆడుతోందేమో పొట్ట దగ్గర గమనించండి, తర్వాత కనుగుడ్డును వేలికొనతో తాకండి. ఊపిరి లేక, రెప్ప కదలక, ఒళ్లు వదులైతేనే ప్రాణం పోయినట్టు. ఈ పరీక్ష చేయకుండా కోడిని వేడినీళ్లలో ముంచకూడదు. ఆ నీళ్ల వేడి ఎంత ఉండాలో, ఈకలు చర్మం చిరగకుండా ఎలా పీకాలో ఎనిమిదో పాఠంలో చూద్దాం.