కోళ్ల దాణాలో జీర్ణమయ్యే అమైనో ఆమ్లాల లెక్క ఎలా వేయాలి?

దాణా ఫార్ములా అనగానే చాలామంది ప్రొటీన్ శాతమే చూస్తారు. అది నైట్రోజన్‌ను కొలిచి 6.25తో హెచ్చవేస్తే వచ్చిన అంకె. అందులో కోడి ఒంటికి ఎంత పడుతుందో దాన్నిబట్టి తెలియదు. మంచి సోయా చెక్కలో ఉన్న లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) సుమారు 90 శాతం అరుగుతుంది. పత్తి గింజల చెక్కలో అయితే 65 శాతం దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే పత్తి గింజల్లో ఉండే గాసిపాల్ అనే పదార్థం లైసిన్‌ను పట్టేసుకుంటుంది.

ముందు 'స్టాండర్డైజ్డ్ ఇలియల్ డైజెస్టిబిలిటీ' విలువలున్న పట్టిక తీసుకోండి. ఇవి చిన్నపేగు చివర కొలిచిన అరుగుదల శాతాలు. రెట్టలో కొలిస్తే లెక్క చెడుతుంది, ఆపై పేగుల్లోని సూక్ష్మజీవులు అమైనో ఆమ్లాలను మార్చేస్తాయి కాబట్టి. కోడి అవసరం కూడా జీర్ణమయ్యే లెక్కలోనే ఉండాలి. అవసరం ఒక పద్ధతిలో, దినుసులు ఇంకో పద్ధతిలో ఉంటే ఫార్ములా మొత్తం తప్పుతుంది.

ఇక లైసిన్‌తో మొదలుపెట్టండి. దాణాలో 60 శాతం మొక్కజొన్న, 32 శాతం సోయా చెక్క వేస్తున్నాం అనుకుందాం. మొక్కజొన్నలో లైసిన్ 0.24 శాతం, అరుగుదల 90 శాతం: 0.60 × 0.24 × 0.90 = 0.13. సోయాలో లైసిన్ 2.9 శాతం: 0.32 × 2.9 × 0.90 = 0.835. రెండూ కలిపితే 0.965. మన లక్ష్యం 1.15 శాతం అయితే 0.185 శాతం తక్కువ పడింది. ఎల్-లైసిన్ హైడ్రోక్లోరైడ్ పొడిలో లైసిన్ 78.8 శాతం, అది పూర్తిగా అరుగుతుందనే లెక్క. కాబట్టి టన్నుకు సుమారు 2.35 కిలోలు కలపాలి.

మిగతా అమైనో ఆమ్లాలను లైసిన్‌తో పోల్చి చూడండి. బ్రాయిలర్లకు లైసిన్ 100 అనుకుంటే మెథియోనిన్, సిస్టీన్ కలిపి 75 దాకా, త్రియోనిన్ 66 దాకా ఉండాలి.

అయితే పట్టిక చెప్పే 90 శాతం సరిగ్గా ఉడికిన సోయాకే. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. వేడి తక్కువైతే ట్రిప్సిన్ (ప్రొటీన్‌ను అరిగించే ఎంజైమ్) నిరోధకాలు మిగిలిపోయి ప్రొటీన్‌ను అరగనివ్వవు. ఎక్కువైతే లైసిన్ చక్కెరలతో బిగుసుకుపోతుంది. అప్పుడు ప్రొటీన్ అంకె మారదు, కోడికి దక్కే లైసిన్ మాత్రం తగ్గిపోతుంది. అందుకే కొత్త లోడు రాగానే ల్యాబ్‌లో యూరియేజ్ పరీక్ష, కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణంలో ప్రొటీన్ ఎంత కరుగుతుందో చూసే సాల్యుబిలిటీ పరీక్ష రెండూ చేయించండి. మొదటిది పచ్చిదనాన్ని పట్టిస్తుంది, రెండోది మాడినదాన్ని. సాల్యుబిలిటీ 70 శాతం కంటే తక్కువ వస్తే ఆ లోడుకు 90 శాతం విలువ వాడకండి. తగ్గించిన విలువతో ఫార్ములా మళ్లీ కట్టండి.