బ్యాంకాక్‌లో చవక హాస్టల్లో దిగబోయేవారికి కొన్ని జాగ్రత్తలు

బ్యాంకాక్‌లో డార్మిటరీ పడక రాత్రికి సుమారు 300 నుంచి 600 బాట్లకు దొరుకుతుంది. మన డబ్బుల్లో ఎనిమిది వందల నుంచి పదహారు వందల రూపాయల మాట. హోటల్ గది అంటే వెనుకాడే విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, ఒంటరిగా బయలుదేరే అమ్మాయిలు ఈ ధర చూసి ధైర్యంగా టికెట్టు కొంటున్నారు. కొనాలి కూడా. చవక పడక అనగానే భయపెట్టడం నాకు ఇష్టం లేదు. శుభ్రంగా, భద్రంగా నడిచే హాస్టళ్లు ఆ ఊళ్లో కొల్లలుగా ఉన్నాయి. మంచి హాస్టల్‌కూ చెడ్డ హాస్టల్‌కూ ధరలో తేడా చాలాసార్లు వంద బాట్లు కూడా ఉండదు. ఏది ఎలాంటిదో కనిపెట్టే అవకాశం మాత్రం రెండుసార్లే వస్తుంది: బుక్ చేసేటప్పుడు ఒకసారి, లోపలికి అడుగుపెట్టిన మొదటి అరగంటలో ఇంకోసారి. సామాను విప్పి, స్నానం చేసి, ఒళ్లు వాల్చాక మంచం మార్చమని అడగడానికి ఎవరికీ మనసొప్పదు.

బుక్ చేసేటప్పుడు

మొత్తం మీద ఎన్ని మార్కులు వచ్చాయన్నది పక్కన పెట్టండి. గత రెండు మూడు నెలల్లో వచ్చిన అభిప్రాయాలను, అందులోనూ తక్కువ మార్కులు వేసినవారు రాసినవాటిని ముందు చదవండి. అల్పాహారం బాగాలేదన్న ఫిర్యాదును వదిలేయవచ్చు. నల్లులు, దొంగతనం, పనిచేయని లాకర్లు, రాత్రి రిసెప్షన్‌లో మనిషి లేకపోవడం వంటివి ఇద్దరు వేర్వేరు మనుషులు రాశారంటే ఆ హాస్టల్‌ను వదిలేయండి. యాజమాన్యం ఇచ్చిన జవాబులు కూడా చూడాలి. తప్పు ఒప్పుకుని ఏం సరిచేశారో చెప్పినవాళ్లు వేరు, రాసినవాళ్లనే తిట్టిపోసినవాళ్లు వేరు.

బేరం బాగుందని వారం రోజులకు ఒకేసారి డబ్బు కట్టవద్దు. మొదట రెండు రాత్రులకు తీసుకోండి. నచ్చితే అక్కడే పొడిగించుకోవచ్చు, నచ్చకపోతే నాలుగు అడుగుల దూరంలో ఇంకొకటి ఉంటుంది. థాయ్‌వాళ్ల కొత్త సంవత్సరం సంక్రాన్ పండుగ జరిగే ఏప్రిల్ 13 నుంచి 15 వరకూ, డిసెంబరు చివర్లోనూ మాత్రం ఈ సలహా పనికిరాదు. ఆ రోజుల్లో పడకలు నిండిపోతాయి, ధరలు పెరుగుతాయి.

ఏ పేటలో దిగాలన్నది కూడా జాగ్రత్తల్లో భాగమే. బ్యాక్‌ప్యాకర్లకు ఖావోసాన్ రోడ్డు పేరు మోసిన చోటు. రాజప్రాసాదం అక్కడికి దగ్గరే, కానీ ఆకాశ రైలు ఆ దరిదాపులకు రాదు, వీధిలో సంగీతం అర్ధరాత్రి దాటాక కూడా మోగుతూనే ఉంటుంది. నిద్ర కావాలనుకునేవారికి బీటీఎస్ (ఆకాశ రైలు) లేదా ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషనుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న హాస్టలే మేలు. అర్ధరాత్రి దగ్గరపడేసరికి రైళ్లు ఆగిపోతాయి. కాబట్టి రాత్రి ఆలస్యంగా దిగే విమానమైతే రిసెప్షన్ 24 గంటలూ తెరిచి ఉంటుందో లేదో ముందే సందేశం పంపి కనుక్కోండి. సువర్ణభూమి విమానాశ్రయంలో టాక్సీని వరుస నుంచే తీసుకోండి. మీటరు మీద 50 బాట్లు విమానాశ్రయ రుసుము, టోల్ డబ్బులు మనమే కట్టాలి, అది మోసం కాదు. మీటరు వేయనంటే దిగిపోవడమే.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2023 నవంబరు నుంచి భారతీయులకు వీసా లేకుండా ప్రవేశం ఇచ్చారు, 2024 జూలైలో గడువును 60 రోజులకు పెంచారు. ఇవి మారుతూ ఉండే నిబంధనలు కాబట్టి టికెట్టు కొనే ముందు థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో ఆ నాటి నిబంధన చూసుకోవాలి. 2025 మే 1 నుంచి విదేశీ ప్రయాణికులందరూ చేరడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైట్ ఏదైనా అధికారికం కాదు. తిరుగు టికెట్టు, హాస్టల్ బుకింగ్ కాగితం మీద అచ్చు వేయించుకుని చేతిలో పెట్టుకోండి.

మొదటి అరగంట

హాస్టల్లో మొట్టమొదట చూడవలసింది మెట్లు. ఖావోసాన్ రోడ్డు ఉన్న బాంగ్లాంపూ, చైనాటౌన్ ప్రాంతాల్లో చాలా హాస్టళ్లు పాతకాలపు దుకాణపు ఇళ్లను మార్చి కట్టినవి. వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. కొన్నింటికి మెట్లదారి ఒక్కటే, వెనక కిటికీలకు ఇనుప ఊచలు. 2024 డిసెంబర్ 29 రాత్రి ఖావోసాన్ రోడ్డు దగ్గర్లోని ఒక హోటల్లో మంటలు చెలరేగి ముగ్గురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల్లో మంట కంటే ముందు పొగ ప్రాణం తీస్తుంది, పొగలో కళ్లు కనిపించవు. అందుకే మంచం నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులు దాటాలో, ఎటు తిరగాలో ఒకసారి నడిచి చూడండి. అత్యవసర ద్వారం అని రాసి ఉన్న తలుపును తోసి చూడండి. దానికి తాళం వేసి ఉన్నా, ఎదురుగా పరుపులు, సైకిళ్లు పేర్చి ఉన్నా ఆ హాస్టల్ వద్దు. మొదటి రాత్రి డబ్బు పోయినా సరే. రెండో మూడో అంతస్తులో పడక అడగడం, పవర్ బ్యాంకును దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయకపోవడం మన చేతుల్లో పనులే.

తర్వాత పరుపు. బ్యాగు మంచం మీద పెట్టకుండా ముందు నేల మీదే, వీలైతే స్నానాల గదిలో గచ్చు మీద ఉంచండి. దుప్పటి ఒక మూల నుంచి లేపి, ఫోను లైటు వేసి పరుపు కుట్టు వెంబడి మెల్లగా చూసుకుంటూ రండి. నల్లి పగటిపూట బయట తిరగదు, కానీ ఆనవాళ్లు దాచుకోలేదు. కుట్టు మడతల్లో బాల్‌పెన్ను మొనతో పెట్టినట్టు నల్లటి చుక్కలు, దుప్పటి మీద తుప్పు రంగు మరకలు, గోధుమరంగు పొట్టు. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఫోటో తీసి రిసెప్షన్‌లో చూపించండి. పక్క మంచానికి మారితే సరిపోదు, వేరే గది అడగాలి. చెక్క మంచాల కీళ్లలో, తలవైపు గోడ పగుళ్లలో, ప్లగ్గు పాయింటు చుట్టూ కూడా చూడండి. తీరా కుట్టాయనుకుంటే బట్టలన్నీ ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి నాణేల లాండ్రీకి తీసుకెళ్లండి. 60 డిగ్రీల వేడి నీటిలో ఉతికి, డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట ఆరబెడితే నల్లులూ గుడ్లూ చస్తాయి. ఈ పని అక్కడే ముగించుకుని రావాలి. బ్యాగులో ఇంటిదాకా వస్తే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

మూడోది లాకరు. తాళంకప్ప ఇంటి నుంచే తీసుకెళ్లండి, సన్నటి కొంకి ఉన్నదీ లావుదీ ఒక్కోటి. కొన్ని లాకర్ల గొళ్లెం రంధ్రంలో మన లావాటి కప్ప పట్టదు. గొళ్లేన్ని వేలితో లాగి చూడండి, మేకులు కదులుతుంటే తాళం ఎంత గట్టిదైనా ఏం లాభం? పాస్‌పోర్టు, సగం డబ్బు, రెండో కార్డు లాకర్లో. మిగతా డబ్బు, ఒక కార్డు ఒంటి మీద. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా అధికారులకు తెలపాలన్న చట్టం ఉంది కాబట్టి హాస్టల్‌వాళ్లు పాస్‌పోర్టు ఫోటో తీసుకోవడం మామూలే. అసలు పాస్‌పోర్టును మాత్రం డిపాజిట్‌గా ఎవరి దగ్గరా వదలకండి, హాస్టల్లోనైనా, బైకు అద్దెకిచ్చే చోటైనా.

గదిలో ఉన్నప్పుడు

నిద్రపోయేటప్పుడు దొంగతనానికి గురయ్యేవాటిలో ఫోను ముందుంటుంది. మంచం అంచున, తీగ వేలాడేలా ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడమే అందుకు కారణం. గోడ వైపు పెట్టుకోండి. మన రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గులు అక్కడ పడతాయి, లావాటి మూడు పిన్నులవి పట్టవు. ల్యాప్‌టాప్ ఉంటే అడాప్టరు తప్పనిసరి.

అమ్మాయిలు ఆడవాళ్లకే కేటాయించిన డార్మిటరీ తీసుకోవడం మంచిది. అంతకుముందు రెండు విషయాలు అడగాలి: స్నానాల గది ఆ అంతస్తులోనే ఉందా, గది తలుపు ఆ గదివాళ్ల కార్డుతో మాత్రమే తెరుచుకుంటుందా. గది నంబరు, మంచం నంబరు కొత్త పరిచయస్తులకు చెప్పవద్దు. ఎవరైనా ఇబ్బంది పెడితే మొహమాటపడకుండా అప్పటికప్పుడు రిసెప్షన్‌కు వెళ్లండి. మంచి హాస్టళ్లు అలాంటివాళ్లను ఆ రాత్రే బయటికి పంపిస్తాయి.

మన వైపు నుంచీ కొంత మర్యాద ఉంది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. ఇంట్లో అమ్మ భోజనాలయ్యాక పదిన్నరకు ఫోను చేస్తే అక్కడ అర్ధరాత్రి పన్నెండు. హాల్లోకి వెళ్లి మాట్లాడండి, ఇంటివాళ్లకు ముందే వేళ చెప్పి ఉంచండి. చెప్పులు గుమ్మం బయటే విడవాలి.

హాస్టల్లో సాయంత్రాలు ఉచితంగా పోసే మందు గురించి గట్టిగా చెప్పాలి. 2024 నవంబరులో పొరుగున ఉన్న లావోస్‌లోని వాంగ్ వియెంగ్ పట్టణంలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. వారిలో చాలామంది యువతులు, హాస్టళ్లలో దిగినవారు. మిథనాల్‌ను రుచితోనో వాసనతోనో గుర్తుపట్టలేం. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. చాలా గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, చూపు మసకబారడం మొదలవుతాయి. మర్నాడు కళ్లు మసకగా కనిపిస్తున్నాయంటే అది రాత్రి తాగినదాని బడలిక అనుకుని పడుకోకూడదు. విరుగుడు మందులు, డయాలిసిస్ ఉన్నాయి, కానీ వేళకు అందాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఏం తాగారో దాచకుండా చెప్పండి. తాగేవారు సీలు తమ ఎదుట తీసిన సీసా బీరుకు పరిమితమైతే మంచిది. బకెట్లలో కలిపి ఇచ్చేవి, లేబుల్ లేని సీసాల్లోవి అసలు ముట్టవద్దు.

గంజాయి దుకాణాలు కనిపిస్తాయి. 2022లో ఇచ్చిన సడలింపును 2025లో కుదించి, వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలన్నారు. ఒక్క గ్రాము మన విమానాశ్రయంలో దొరికినా కేసే. ఎలక్ట్రానిక్ సిగరెట్లపై అక్కడ నిషేధం ఉంది, బ్యాగులో కూడా పెట్టుకెళ్లవద్దు.

నీళ్లు, తిండి, వాన

కుళాయి నీళ్లు తాగకండి. వీధి మొదట్లో సీసా నింపుకునే యంత్రాలు ఉంటాయి, దుకాణాల్లో సీసాలు చవకే. శాకాహారులు మాంసం వద్దంటే సరిపోదు, చేపల పులుసునీరు నామ్ ప్లా, రొయ్యల ముద్ద కపి కూరగాయల వంటల్లోనూ వేస్తారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో జే అని రాసి ఉన్న కొట్లలో పాలు, గుడ్లు కూడా కలపరు. మన వంట మీద బెంగ పుడితే పహురాత్ వెళ్లండి, భారతీయుల దుకాణాలు, భోజనశాలలు అక్కడ ఉన్నాయి.

మే నుంచి అక్టోబరు దాకా వానాకాలం. సెప్టెంబరు, అక్టోబరుల్లో వీధులు గంటలో మునుగుతాయి, ఆ నెలల్లో కింది అంతస్తు గది తీసుకోవద్దు, విద్యుత్ స్తంభాల పక్కన నీళ్లలో నడవవద్దు. ఇవే డెంగీ రోజులు. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి బయటికి వెళ్లేటప్పుడు కూడా దోమల మందు రాసుకోవాలి. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వేసుకోకూడదు, రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది.

రాజప్రాసాదం దగ్గర మంచి బట్టల్లో ఉన్న ఒకాయన ఈ రోజు సెలవు అని చెప్పి, 20 బాట్లకే టుక్‌టుక్‌లో (అక్కడి ఆటోలో) ఊరంతా తిప్పిస్తానంటాడు. ఆ ప్రయాణం రత్నాల కొట్టులో ఆగుతుంది. ప్రాసాదం తెరిచి ఉందో లేదో గుమ్మం దగ్గరికే వెళ్లి చూసుకోండి.

ఉద్యోగం పేరుతో పిలిచేవాళ్లు

ఈ ఒక్కటీ తెలుగు కుటుంబాలు తప్పక చదవాలి. డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్, పెద్ద జీతం, టికెట్టు మేమే ఇస్తాం, మొదట బ్యాంకాక్‌లో హాస్టల్లో రెండు రోజులు ఉండండి అంటారు. మూడో రోజు కారు వస్తుంది. దాదాపు 500 కిలోమీటర్ల దూరంలోని మే సోట్ చేర్చి, మోయీ నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ సైబర్ మోసాల కేంద్రాలకు అప్పగిస్తారు. పాస్‌పోర్టు, ఫోను లాక్కుంటారు. 2025 మార్చిలో ఇలా చిక్కుకున్న 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో స్వదేశానికి తెచ్చారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. పర్యాటకుడిగా వెళ్లి అక్కడ ఉద్యోగం చేయడం ఎలాగూ చట్టవిరుద్ధం. హాస్టల్లో పరిచయమైన వ్యక్తి ఇలాంటి ఉద్యోగం మాట ఎత్తినా, తీసుకెళ్లిన ఏజెంటు కారెక్కమన్నా ఎక్కకండి. అప్పటికే ఎక్కి ఉంటే జనం ఉన్న చోట దిగి పోలీసులను పిలవండి.

పర్యాటక పోలీసుల నంబరు 1155, ఆంగ్లంలో మాట్లాడతారు. మామూలు పోలీసులకు 191, అంబులెన్సుకు 1669. పాస్‌పోర్టు పోతే ముందు దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి, ఆ కాగితంతో సుఖుమ్‌విత్ రోడ్డులోని 23వ సోయిలో (సందులో) ఉన్న భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. తిరిగి రావడానికి అత్యవసర ధ్రువపత్రం వాళ్లే ఇస్తారు. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల ఫోటోలు, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఉంటే ఆ పని త్వరగా తెములుతుంది. అవి పాస్‌పోర్టు ఉన్న సంచిలో కాక వేరేచోట పెట్టుకోండి, ఒక ప్రతి ఇంట్లోవాళ్లకు ఇచ్చి వెళ్లండి.